ఎనిమిది నిమిషాల యెస్ సార్

ఆర్మూర్,
4 ఫిబ్రవరి 2024, ఆదివారం

దేవిదాస్ కాకకు,

మా అక్క మంగ బతుకులోంచి మూడు వారాలు దొంగతనమయ్యాయి. దొంగ పేరు కరుణశ్రీ. ఊరు బాల్కొండ. వృత్తి ఇంగ్లీష్ టీచర్. మంచిచెడ్డలు తర్వాత రాస్తాను, ముందు ఈ పేరు గుర్తుపెట్టుకో.

అక్క ఇక్కడి ప్రైవేటు దవాఖానలో ఆరేండ్లుగా రోగులకు పక్కలు మార్చడం, స్నానాలు చేయించడం చేస్తున్నది కదా. అదే పనికి మస్కట్‌లో ఒక ఆసుపత్రి ఉద్యోగం ఉన్నదని ఏజెంటు చెప్పాడు. రెండేండ్ల ఒప్పందం, ఏడాదికి ఒక నెల సెలవు. బావ సంతోష్ ఒప్పుకున్నాడు. మూడేండ్ల స్వర్ణను వేల్పూర్‌లో అమ్మ దగ్గర వదిలిపెట్టాలి కాబట్టి అక్కకు ఉద్యోగం ఎంత ముఖ్యమో ఆ నెల సెలవూ అంతే. "ఏడాదికోపాలి పిల్ల మొఖం జూస్త గదా, గంతే సాలు" అంటుంది. మార్చి 3న వీడియోలో ఇంటర్వ్యూ, అంతా ఇంగ్లీషులో. దానికోసమే భీమ్‌రావు సార్ స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో చేరింది. అక్క ఒక్కతే పోనంటే నేనూ చేరాను. మొత్తం పందొమ్మిది మందిమి, అందరం గల్ఫ్ దారి పట్టాలనుకున్నవాళ్లమే, నేను తప్ప.

భీమ్‌రావు సార్ మాట్లాడడం నేర్పుతాడు. వినడం నేర్పడానికి ఈ కరుణశ్రీని పెట్టాడు. వినడం నేర్పడమేమిటి కాకా? చెవులున్నవాడికి వినడం నేర్పడమంటే ముక్కున్నవాడికి ఊపిరి నేర్పినట్టే.

మొదటి రోజు స్పీకర్‌లో ఎవరో దొర మాటలు పెట్టింది. రెండు వాక్యాలు కాగానే ఆపేసింది. "ఇప్పుడు ఆయన ఏమంటడు, చెప్పుండ్రి" అని అడిగింది.

"మీరు ఆపేస్తే మాకెట్ల తెలుస్తది మేడమ్?" అన్నాను.

"నీ ఇంటికి ఏజెంటు వస్తే నోరు తెరవకముందే ఏమడుగుతడో నీకు తెల్వదా? ముందుగాల అనుకో. తర్వాత విను. నువ్వనుకున్నది ఒచ్చిందా రాలేదా చూస్కో."

ఇది ఇంగ్లీష్ చదువా, చిలక జోస్యమా? రెండో వారం పుస్తకాలు మూయించింది. ఒక మాట తెలియకపోతే దాని దగ్గరే ఆగిపోవద్దట, ముందుకు పోవాలట, అంకెలు, పేర్లు, కాదు అనే మాట, ఈ మూడింటిని వదలొద్దట. మొన్న గురువారం మమ్మల్ని తీసుకుపోయి మార్కెట్ యార్డులో నిలబెట్టింది. పసుపు సీజన్, బండ్లు, ధూళి, తుమ్ములు. కండ్లు మూసుకోమన్నది! ఎవరు కొంటున్నారు, ఎవరు అమ్ముతున్నారు, ఎవరికి కోపం వచ్చింది, ఏ అంకె రెండుసార్లు వినబడింది, చెప్పమన్నది. సంచులు దించుతున్న హమాలీ మల్లయ్య ఊరందరికీ వినబడేటట్టు అరిచాడు: "ఏందిరా స్వామీ, మేడమ్ మీకు గాలి వదిలిస్తుందా?" పందొమ్మిది మందిమి కండ్లు మూసుకొని నిలబడ్డాం కాకా, పరీక్ష తప్పిన పిల్లల్లాగా.

అన్నిటికన్నా నీచమైనది ఇంకోటి ఉంది. ఒక్కొక్కరినీ లేపి ఇరవై సార్లు ఒకటే మాట అనిపిస్తుంది: "సారీ, ఐ డిడ్ నాట్ అండర్‌స్టాండ్. ప్లీజ్ సే ఇట్ అగైన్." తెల్వదని చెప్పుకోవడానికి ఇంగ్లీష్ ఎందుకు? ఆ మాట మన ముఖాల మీద పుట్టినప్పటి నుంచి రాసే ఉంది. నేను చదివిన చిన్న పుస్తకాలన్నీ చెప్పేది ఒకటే. మాట్లాడేవాడే మనిషి, ఊరికే వినేది మంద. ఈమె మమ్మల్ని మందను చేస్తున్నది. ఇది బడి కాదు, చెవిటోళ్ల బడి.

నేను పనిచేసేది ప్రింటింగ్ ప్రెస్సులో. ఇట్లాంటి వాళ్లకు జవాబు ఎక్కడ అచ్చవుతుందో నాకు తెలుసు.

చిన్నమ్మకు దండాలు.

మౌనంగా ఉండలేని,
స్వామి


భివండి,
11 ఫిబ్రవరి

స్వామికి,

నీ ఉత్తరం అందింది. చిన్నమ్మ గంగమణి బాగుంది, మోకాలు నొప్పి తప్ప. ఇక్కడ నీళ్లు రెండు రోజులకొకసారి వస్తున్నాయి.

చెవిటోళ్ల బడి అని రాశావు. ఇరవై రెండేండ్లు మరమగ్గాల నడుమ నిలబడి రెండు చెవులూ పోగొట్టుకున్నవాడికి రాశావు. ఫోన్‌లో నాకు ఏమీ వినబడదు కాబట్టే కదా నువ్వు కాగితాలు ఖరాబు చేస్తున్నావు. కోపం లేదు. రాసేటప్పుడు ఎవరికి రాస్తున్నావో చూసుకోలేదు, అంతే. నీ పుస్తకాలలో అది రాసి ఉండదు.

ఒక సంగతి చెప్తాను, చివరిదాకా చదువు. మా షెడ్డులో నలభై ఎనిమిది మగ్గాలు. అక్కడ బ్రహ్మదేవుడు అరిచినా వినబడదు. కొత్తగా వచ్చినవాడు ఎవరేం చెప్పినా తల ఊపుతాడు. తెలియలేదంటే పరువు పోతుందని ఊపుతాడు. కమ్మర్‌పల్లి నుంచి చిన్నయ్య అని ఒకడు వచ్చాడు. మిస్త్రీ బెల్టు మారుస్తూ, చెయ్యి లోపల ఉంది, మిషన్ నడిపియ్యకు అని చెప్పాడు. చిన్నయ్య తల ఊపాడు. ఊపి, నడిపించాడు. మిస్త్రీకి మూడు వేళ్లు పోయాయి. చిన్నయ్య మంచివాడే. తల ఊపడం తప్ప వేరే తప్పు చేయలేదు.

ఆ రోజు నుంచి మా షెడ్డులో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎవరేం చెప్పినా, విన్నవాడు దాన్ని తిరిగి చెప్పాలి. పెదవులు చూడాలి, చెయ్యి చూడాలి, ఈ సమయంలో ఈ మనిషి ఏం చెప్పి ఉంటాడో మనసులో అనుకోవాలి, అర్థం కాకపోతే భుజం పట్టి ఆపి మళ్లీ అడగాలి. మీ టీచరమ్మ యార్డులో నేర్పింది ఇదే. మేము మూడు వేళ్లు ఇచ్చి నేర్చుకున్నాం. మీకు ఉత్తగనే నేర్పుతున్నది.

కరపత్రం అచ్చు వేయకు. మంగ ఏమంటున్నదో అడుగు. పోయేది నువ్వు కాదు, అది.

ఇంకొకటి. ఒక టీచరమ్మ మీద నీకు ఇంత కోపం వచ్చిందంటే నాకు వేరే అనుమానం వస్తున్నది. పిల్ల చక్కగుందా?

మీ కాక,
దేవిదాస్


ఆర్మూర్,
17 ఫిబ్రవరి

కాకా,

నీ ఉత్తరం గురువారం వచ్చింది. కరపత్రం సోమవారమే బయటికి పోయింది. పోస్టాఫీసుకు నమస్కారం, అది ప్రజల పక్షాన ఆలస్యం చేసింది.

ముందుగా, ఆమెకు నలభై ఆరేండ్లు. కండ్లద్దాలు, చేతి సంచి, ఆదివారం చర్చి. నీ అనుమానాన్ని మీ మగ్గాలలో వేసి నేసుకో.

కరపత్రంలోని మాటలు ఇవి:

"సోదరులారా, సోదరీమణులారా! మన చెవులను అవమానిస్తున్నది ఎవరు? కరుణశ్రీ! మాట్లాడే హక్కు అడిగినవాళ్లకు నోరు మూసుకొని వినండి అని చెప్తున్నది ఎవరు? కరుణశ్రీ! యార్డులో నిలబెట్టి హమాలీల ముందు నవ్వులపాలు చేసింది ఎవరు? తెలియదు, తెలియదు అని ఇరవై సార్లు అనిపించే చదువు మనకొద్దు! తల ఎత్తి మాట్లాడే చదువు కావాలి!"

రెండు వందల కాపీలు. పసుపుపచ్చ కాగితం.

భీమ్‌రావు సార్ స్వయంగా ప్రెస్సుకు వచ్చాడు. కొడతాడేమో అనుకున్నాను. భుజం తట్టాడు. "మస్తు రాసినవ్ తమ్మీ. నాకు గుడ గామె తీరు నచ్చలే" అన్నాడు. సాయంత్రానికి ఆమెను తీసేశాడు. చూశావా, రెండు వందల కాగితాలకు ఎంత బలం ఉందో! మీరు ఇరవై రెండేండ్లు తల ఊపి, తిరిగి చెప్పి సాధించింది ఏమిటి?

ఆమె స్పీకర్‌ను సంచిలో పెట్టుకొని మెట్లు దిగుతూ నా దగ్గర ఆగింది. "అక్షరాలు మంచిగనే పేర్చినవ్. నా పాఠం ఒక్కటన్న ఆఖరిదాంక విన్నవా బాబూ?" అన్నది. పక్కకు జరిగి దారి ఇచ్చాను. అట్లాంటి ప్రశ్నలకు జవాబు ఇస్తే వాళ్ల బడిలో మళ్లీ కూర్చున్నట్టే.

ఇప్పుడు వినే క్లాసు లేదు. భీమ్‌రావు సార్ ఇరవై జవాబులు రాసిచ్చాడు, అందరం కంఠస్థం చేస్తున్నాం. నా పేరు ఇది, నా అనుభవం ఇంత, నేను కష్టపడి పనిచేస్తాను. ఇంకేం అడిగినా నవ్వుతూ యెస్ సార్ అనాలి. "మీరు మల్లొక్కపాలి అడిగితే ఆళ్లకు అనుమానం వస్తది. యెస్ అన్నోనికే వీసా" అని చెప్పాడు. నేరుగా, ధైర్యంగా, కండ్లు తెరిచి.

అక్క సంగతి అడిగావు. "నాకైతే గా మేడమే మంచిగనిపిచ్చింది" అన్నది. దానికి మెత్తదనం ఎక్కువ, నీకు తెలుసు కదా.

గెలుపులో ఉన్న,
స్వామి


భివండి,
25 ఫిబ్రవరి

స్వామీ,

నీ గెలుపు చదివాను. చిన్నమ్మకు కూడా చూపించాను. పసుపుపచ్చ కాగితం ఎందుకు, పెండ్లి పత్రికనా అని అడిగింది.

నలభై ఆరేండ్ల ఆడమనిషి, బాల్కొండ నుంచి రోజూ బస్సు ఎక్కి వచ్చి చదువు చెప్పుకునే మనిషి, ఆమె పొట్ట కొట్టడానికి నీకు రెండు వందల కాగితాలు చాలాయి. సంతోషం. నువ్వు తిట్టిన దొరలు కూడా కాగితాలతోనే కొడతారు.

మంగ మాటను ఒక్క వరుసలో రాసి దాటేశావు. మెత్తదనమట. ఆరేండ్లు చావుబతుకుల మనుషులను ఎత్తి పండబెట్టినదానికి మెత్తదనం! ఆ భీమ్‌రావుకు కరుణశ్రీ పోవడం ఎందుకు అంత తీపిగా ఉందో ఒక్కసారన్నా అనుకున్నావా? అనుకోవు. నీకు మెచ్చుకున్నవాడి మాట ఒక్కటే వినబడుతుంది. నా చెవుల కన్నా నీ చెవులు ఖరాబైనాయి.

నీకు చెప్పి లాభం లేదు. అందుకే మంగకు విడిగా ఒక కార్డు రాసి ప్రెస్సు అడ్రసుకే వేశాను, మీ ఇంటి అడ్రసుకు ఉత్తరాలు సరిగా రావు కదా. దాని చేతికి ఇవ్వు. చదవకు.

దేవిదాస్


ఆర్మూర్,
6 మార్చి

దేవిదాస్ కాకకు, భివండిలోని సకల అనుమానాలకు,

అక్క ఎంపికైంది!

నన్ను తీసేస్తే పద్దెనిమిది మందిలో పదకొండు మంది ఎంపికయ్యారు, అందులో అక్క పేరు రెండోది. ఆదివారం భీమ్‌రావు సార్ గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నది, చిన్నమ్మ పెట్టిన ఆకుపచ్చ చీర కట్టుకొని. అటువైపు టై కట్టుకున్న పెద్దమనిషి. ఎనిమిది నిమిషాలు. అక్క ఒక్కసారి కూడా తడబడలేదు. పద్నాలుగు సార్లు యెస్ సార్ అన్నది, లెక్కపెట్టాను. ఒకచోట ఆ పెద్దమనిషి ఏదో అడిగి, జవాబు విని, చాలాసేపు అట్లాగే చూస్తూ ఉండిపోయాడు. అంత మెచ్చుకున్నాడు. మళ్లీ అదే అడిగినట్టుంది. అక్క ఇంకా గట్టిగా యెస్ సార్ అన్నది.

నేను మొత్తం నా ఫోన్‌లో రికార్డు చేశాను. ప్రెస్సులో పెట్టి వినిపించాను, చాయ్ హోటల్‌లో వినిపించాను, యార్డులో మల్లయ్యకు వినిపించాను. "మన మంగేనారా గిట్ల మాట్లాడేది? టీవీల మేడమ్ లెక్కున్నది!" అని మల్లయ్య సంచి దించడం మరిచిపోయాడు. అమ్మ విని ఏడ్చింది. నేను ఇరవై సార్లు విన్నాను. ఇంగ్లీషులో మా ఇంటి గొంతు! నీ మిస్త్రీ వేళ్ల కథ, మేడమ్ యార్డు కథ, రెండూ చెత్తబుట్టలో వేయి.

ఇంకొక సంగతి దాచను. నేను దాచే మనిషిని కాను. నీ కార్డు ఫిబ్రవరి 29న వచ్చింది. చదివాను. "సమజ్ కాకపోతే అడుగు బిడ్డా. అడిగితే పోయేది ఏమీ లేదు. అడగకపోతే ఏం పోతదో నాకు తెలుసు." ఇంటర్వ్యూకు మూడు రోజుల ముందు ఇది చదివితే దాని ధైర్యం ఏం కావాలి? జేబులో పెట్టుకున్నాను. ఇవ్వలేదు. ఫలితం చూశావు కదా. 26వ తేదీ, మంగళవారం, ఎంపికైనవాళ్లందరికీ ఆఖరి ఫోన్ వస్తుంది, ఒక్కసారి అవును అంటే చాలు, తర్వాత సంతకాలు.

భయపడేవాళ్లు భయాన్నే పంచుతారు.

స్వామి


భివండి,
13 మార్చి

స్వామీ,

మంగకు దీవెనలు.

నేను చెవిటివాడిని. నువ్వు పంపుతానన్నా ఆ రికార్డు వినలేను. అందరూ విన్నారు, నేనొక్కడినే వినలేదు. అందుకని ఒక సాయం చేయి. ఆ పెద్దమనిషి అడిగిన ప్రశ్నలను తెలుగులో ఒకదాని కింద ఒకటి రాసి పంపు. జవాబులు వద్దు, అవి నాకు తెలుసు. ప్రశ్నలు చాలు.

నా కార్డు సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

దేవిదాస్


ఆర్మూర్,
21 మార్చి, గురువారం

కాకా,

దీన్ని పోస్టులో వేయడం లేదు. భివండి బస్సు డ్రైవర్ చేతికి ఇస్తున్నాను, రేపటికల్లా నీకు అందుతుంది.

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. జవాబు రాయడానికి కూర్చున్నాను. కాగితం మీద ఒకటి నుంచి పద్నాలుగు దాకా అంకెలు వేసుకున్నాను. ఫోన్ చెవికి పెట్టుకున్నాను. ఒక్క అంకె పక్కన కూడా ఏమీ రాయలేకపోయాను. ఇరవై సార్లు విన్నవాడిని! యెస్ సార్ ఒక్కటే విన్నాను. దాని ముందున్నదంతా నాకు మోత, అంతే.

దవాఖానకు పోయాను. అక్క డ్యూటీలో ఉంది. "ఆయన ఏమేం అడిగిండు అక్కా?" అన్నాను.

"నాకేం ఎరుకరా? సార్ నవ్వుకుంట యెస్ అనుమన్నడు, అన్న. నడుమల ఆయన ఆగిండు. నా దిక్కే చూసిండు. గప్పుడు నా పానం ఝల్లుమన్నది. ఏమనాల్నో తెల్వక ఇంక జోర్‌గ యెస్ అన్న."

"మరి మల్ల అడగకపోయినవా? మేడమ్ నేర్పింది గదా."

అక్క నా వైపు చూసింది. "ఎవరిని అడుగుమంటవ్? మేడమ్ తీరు తప్పని ఊరంత కాగితాలు పంచినోడివి నువ్వే గదరా."

నీ కార్డు తీసి ఇచ్చాను. చదివింది. "గిది కాక నాకు రాసిండు. నాకు. నువ్వెందుకు దాస్తివి?" అన్నది. వార్డులోంచి ఎవరో పిలిస్తే పోయింది. తిరిగి వచ్చి, "ఎప్పుడు పోదాం మేడమ్ తానికి?" అన్నది. నాకు ఆ ఆలోచనే రాలేదు కాకా. దానికి వచ్చింది.

మంగళవారం సాయంత్రం బాల్కొండకు పోయాం. కరుణశ్రీ మేడమ్ ఇప్పుడు కమ్మర్‌పల్లి దగ్గర ఒక చిన్న బడిలో చెప్తున్నారు. ఇంటి ముందర కూర్చొని పరీక్ష కాగితాలు దిద్దుతున్నారు. నన్ను చూసి, "రా, కరపత్రం" అన్నారు. అక్కకు కుర్చీ వేశారు. నాకు వేయలేదు.

ఫోన్ ఇచ్చి, "జర విని చెప్పుండ్రి మేడమ్" అన్నాను.

"నేను జెప్పను. మంగ చెప్తది."

"టైం లేదు మేడమ్. మీకు వస్తది గదా, ఒక్క నిమిషంల చెప్పొచ్చు."

"వచ్చే మంగళవారం ఆఖరి ఫోన్ వచ్చినప్పుడు, నన్ను నీ జేబుల పెట్టుకొని కూసుంటవా? గమ్మునుండు." అక్క వైపు తిరిగారు. "మంగా, నువ్వు ఒకామెను పనికి పెట్టుకుంటున్నవ్ అనుకో. ఏమేం అడుగుతవ్?"

అక్క ఆలోచించి తెలుగులో చెప్పింది. ఏం పని, ఎక్కడ, ఎన్నేండ్లు, సెలవు, ఇంట్లో ఎవరున్నారు. మేడమ్ ఆ ఐదింటిని కాగితం మీద దూరం దూరంగా రాయించారు. "గీ ఐదింటి కోసమే విను. తక్కినదంత పోనియ్."

మొదటిసారి అక్కకు ఒక్కటే దొరికింది. త్రీ ఇయర్స్. "స్వర్ణకు మూడేండ్లు గదా, పిల్ల గురించి అడిగిండు" అన్నాను నేను. మేడమ్ నన్ను చూడలేదు. రెండోసారి అక్క హౌస్ అని రాసింది. హాస్పిటల్ అనే మాట కోసం వెతికింది, ఎనిమిది నిమిషాల్లో ఎక్కడా లేదు. మూడోసారి ఓల్డ్ మదర్. నాలుగోసారి నో లీవ్. ఆ పక్కనే మళ్లీ త్రీ ఇయర్స్. అక్క పెన్ను కింద పెట్టింది. ఐదోసారి వినాల్సిన పని లేకపోయింది, అయినా పెట్టమన్నది. ఆ పెద్దమనిషి ఆగిన చోటు. ఆయన ఏమన్నాడో అక్కే నాకు చెప్పింది, ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ: "మీకు చిన్న బిడ్డ ఉంది. మూడు సంవత్సరాలు చూడలేరు. అర్థమైందా?" యెస్ సార్. "నిజంగా అర్థమైందా?" యెస్ సార్, థాంక్యూ సార్.

ఆసుపత్రి కాదు కాకా. ఎవరిదో ఇల్లు. మంచం పట్టిన ముసలామె. మూడేండ్లు, సెలవు లేదు. ఏజెంటు అబద్ధం చెప్పాడు. ఆ టై కట్టుకున్నవాడు నిజమే చెప్పాడు, రెండుసార్లు చెప్పాడు. మెచ్చుకొని చూస్తున్నాడని నేను నీకు రాశాను. ఆయన భయపడి చూశాడు. కన్నబిడ్డను మూడేండ్లు వదిలిపెట్టడానికి నవ్వుతూ థాంక్యూ చెప్పే తల్లిని ఆయన ఎన్నడూ చూసి ఉండడు. దాన్ని నేను చాయ్ హోటల్‌లో పెట్టి పదిమందికి వినిపించాను.

బుధవారం పొద్దున భీమ్‌రావు దగ్గరికి పోయాను. ఇక మీదట సార్ అని రాయను. ఇంటర్వ్యూలన్నిటికీ ల్యాప్‌టాప్ వెనకాలే కూర్చున్న మనిషి, ఇంగ్లీష్ వచ్చిన మనిషి. తెలుసా అని అడిగాను.

"ఎందుకు తెల్వది తమ్మీ? ఆళ్లకు యెస్ గావాలె. మీకు నౌకరి గావాలె. నడుమల నేనెందుకు అడ్డం పడాలె?"

"అందుకేనా మేడమ్‌ను తీసేసినవ్?"

నవ్వాడు. సొరుగులోంచి పసుపుపచ్చ కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. "నేనెక్కడ తీసేసిన? నువ్వు తీసేయించినవ్. కింద మీ ప్రెస్ పేరే ఉన్నది, చూస్కో."

చూసుకున్నాను. అతని మీద ఉమ్మాలనిపించింది. కాని ఆ కాగితం మీద ఉన్నవన్నీ నా మాటలే. దొంగ పేరు అని నీకు మొదటి ఉత్తరంలో రాశాను చూడు, దాన్ని కొట్టేసి నా పేరు రాసుకో. భీమ్‌రావు పదకొండు మందిని అమ్మకానికి పెట్టాడు, ఆ బజారుకు అడ్డంగా ఉన్న ఒక్క మనిషిని నేను తొలగించిపెట్టాను.

మిగిలిన పదిమందీ అన్నది కూడా యెస్ సారే. ఇద్దరి దగ్గర రికార్డు ఉంది, మిగతావాళ్ల దగ్గర ఇంగ్లీష్ కాగితాలున్నాయి, ఎవరూ చదవలేదు. మంగళవారం ఫోన్‌లో అందరూ మళ్లీ అదే అంటారు. మేడమ్ దగ్గరికి తిరిగి పోయాను, తప్పు ఒప్పుకుంటూ ఇంకో కరపత్రం వేస్తానని చెప్పాను. "నీ క్షమాపణ నాకేం జేసుకోను? పదకొండు కుర్చీలు తే. అందర్ని కూసోబెట్టు" అన్నారు. ఆదివారం చర్చి అయ్యాక వస్తానన్నారు. మా ప్రెస్సు వెనక గదిలో మిషన్ చప్పుడు ఉంటుంది మేడమ్ అంటే, "ఉండనీ. ఫోన్ల గుడ చప్పుడుంటది" అన్నారు.

అక్క రెండు రోజులుగా ఒక్క వాక్యం పలుకుతున్నది. సారీ, ఐ డిడ్ నాట్ అండర్‌స్టాండ్. సగం దాకా వచ్చి తల దించుకుంటుంది. "పెద్దమనిషిని మల్లొక్కపాలి అడుగుడంటే సిగ్గయితదిరా" అంటుంది. పొద్దున మాత్రం గిన్నెలు తోముతూ చివరిదాకా అన్నది. తర్వాత తన మాట ఒకటి కలిపింది, మేడమ్ నేర్పనిది: "హౌస్, నో. హాస్పిటల్, యెస్. నో లీవ్, నో." మంగళవారం అదే అంటుందట. ఉద్యోగం పోతే పోనీ అన్నది. బావ కూడా సరే అన్నాడు.

కొత్త కరపత్రం ఇప్పుడే మిషన్ మీద నుంచి దిగింది. తెల్ల కాగితం. చిన్నమ్మకు చూపించు.

"కరుణశ్రీ మేడమ్ మీద ఫిబ్రవరిలో అబద్ధపు కాగితం రాసి పంచింది నేను, వేల్పూర్ స్వామిని. మస్కట్ ఇంటర్వ్యూలో ఎంపికైన పదకొండు మందికి చెప్తున్నాను. మీరు దేనికి అవునన్నారో మీకు తెలియదు. నాకూ తెలియలేదు. మా అక్కకు చెప్పింది ఆసుపత్రి, ఒప్పుకున్నది ఇల్లు. చెప్పింది ఏడాదికి నెల సెలవు, ఒప్పుకున్నది సెలవు లేని మూడేండ్లు. మీది ఏమిటో మంగళవారం ఫోన్ రాకముందే మీ చెవులతో మీరే వినాలి. మీ కోసం ఎవరూ విని పెట్టరు. రికార్డు ఉన్నవాళ్లు ఫోన్ తీసుకొని రండి. లేనివాళ్లు కాగితం తీసుకొని రండి. అదీ లేనివాళ్లు మీకు గుర్తున్నది తీసుకొని రండి. కరుణశ్రీ మేడమ్ ఉంటారు. మొదటి కుర్చీలో మా అక్క మంగ కూర్చొని, అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి అని అందరి ముందర అడుగుతుంది. తర్వాత మీరు అడగాలి. ఆర్మూర్, మార్కెట్ యార్డు గేటు ఎదురుగా, ప్రెస్సు వెనక గది. ఆదివారం, మార్చి 24, మధ్యాహ్నం మూడు గంటలకు."